పాతరలో ఆరని వెలుగు

నాగలత బొమ్మలు చూసినవాళ్లంతా ఒకే మాట అంటారు, ఇవి మెలకువలో వేసినవి కావని. నిజమే మరి. పటం నిండా కటిక నలుపు ఉంటుంది. ఆ నలుపు మధ్యలో ఒక గుండ్రటి గది. దానికి తలుపూ కిటికీ ఏవీ ఉండవు. నేల బంగారు రంగులో మెరుస్తుంటుంది. ఆ నేల మీద ఒకామె పక్కకు తిరిగి పడుకుని ఉంటుంది, ముఖం కనబడదు. ఆమె పక్కనే తెల్లటి వెలుగు. ఒక బొమ్మలో ఆ గది గోడల నిండా పిట్టలు నిద్రపోతుంటాయి. ఇంకోదాంట్లో ఆమె జుట్టు వేళ్లూని గోడల్లోకి పాకి ఉంటుంది. ఏది మారినా ఆ ఆడమనిషి మారదు, ఆ వెలుగు మారదు.

కర్నూలులో ఆ బొమ్మలన్నీ ప్రదర్శనకు పెట్టినప్పుడు పెద్దపెద్దవాళ్లు వచ్చి తలా ఒక అర్థం చెప్పిపోయారు. ఒకాయన అది తల్లి గర్భం అన్నాడు. ఇంకొకాయన మనసు లోతు అన్నాడు. ఒక పత్రికావిడైతే, ఎంత చీకటి కమ్మినా ఆరిపోని ఆశకు అది గుర్తని రాసి, బొమ్మ ఫోటో కూడా వేసింది. చదువుకున్నవాళ్లకు అర్థాలకేం కొదవ? నాగలత అన్నీ విని నవ్వి ఊరుకుంది. ఆశ అనే మాట మాత్రం ఆమెకు నచ్చింది. అదే నిజమైతే ఎంత బాగుండు అనుకుంది. చిన్నప్పటి నుంచి అదే కల వస్తోంది, అదే వేస్తోంది, అంతకు మించి ఆమెకు మాత్రం ఏం తెలుసు పాపం.

ఆమె బొమ్మ వేసే పద్ధతి కూడా వేరు. ముందు పటమంతా మసి నలుపు పూసేస్తుంది. అది ఆరకముందే గుడ్డతో తుడుస్తూ, తుడుస్తూ లోపలి నుంచి వెలుగును బయటికి తీస్తుంది. ఏ రంగైనా పటం మీద పెట్టే ముందు ఒక అట్టముక్క మీద రాసి చూసుకుంటుంది. అలా చూసుకునేటప్పుడల్లా "దీపం దిగందే మనిషి దిగరాదు" అని గొణుక్కుంటుంది. చిన్నప్పుడు ఆమెను చంకనెత్తుకుని తిరిగిన పనిమనిషి భీమక్క మాట అది. నీళ్లు పోసే ముందు చెంబులో వేలు పెట్టి చూస్తూ అనేది, బువ్వ పెట్టే ముందు ఊదుతూ అనేది. ఏదైనా ముందు పరీక్ష చేసుకోవాలని కాబోలు దాని అర్థం అనుకుంది నాగలత. అది ఎక్కడ పుట్టిన మాటో ఎవరినీ అడగలేదు.

ఇక ఆమె పెరిగిన తీరు చెప్పాలంటే, అలాంటి బతుకు పగవాళ్ల పిల్లలకు కూడా వద్దు. సొంతూరు పత్తికొండ అవతల నల్లగుండం. నాయన అయ్యన్న ఊళ్లో పార్టీల కొట్లాటలో పోయేనాటికి ఆమె ఇంకా పాకే బిడ్డ. తల్లి ఈశ్వరమ్మ, మొగుని అన్న ఓబుళేశు ఇంట్లోనే ఒక పక్కన ఉంటూ, నా మొగుని భాగం చేను నాకు పంచియ్యండి, నా బిడ్డను నేను సాకుకుంటాను అని అడగడం మొదలుపెట్టింది. నాగలతకు ఐదేళ్లప్పుడు ఒక రోజు ఈశ్వరమ్మ కనబడకుండా పోయింది. బండల లారీ డ్రైవరుతో లేచిపోయిందని ఓబుళేశు నలుగురిలో చెప్పాడు. ఊరు నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? మొగుడు పోయిన ఆడది, వయసులో ఉన్నది, ఆమె తరఫున మాట్లాడే దిక్కు లేదు. కుండకు మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి ఏం పెడతాం?

బిడ్డను ఎర్రగుంట్లలో పిన్ని ఇంటికి తోలేశారు. అక్కడ చెట్ల ఆకుల మీద కూడా సిమెంటు దుమ్మే. చిన్నాయన తాగి వచ్చి, కోపమొస్తే పిల్లను కట్టెల గదిలో వేసి గడియ పెట్టేవాడు. ఆ చీకట్లో నేల మీది దుమ్ములో వేలితో గుండ్రాలు గీస్తూ కూర్చునేది నాగలత. అవే ఆమె మొదటి బొమ్మలు. పిన్ని మనిషి చెడ్డది కాదు, నోరే చెడ్డది. అన్నం ఒలికినా, పొద్దెక్కి లేచినా, మీ అమ్మ బుద్ధి యాడికి పోతుందిలే అనేది. ఆ తర్వాత బద్వేలులో హాస్టలు. అక్కడికీ ఆ పేరు ఆమె కంటే ముందే వెళ్లి కూర్చుంది, లేచిపోయినదాని కూతురని. ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడితే చాలు, చూడండి రక్తం అనేవాళ్లు. ఆమె మాట్లాడ్డం మానేసి బొమ్మలు వేయడం పట్టుకుంది.

కడపలో బడిపిల్లలకు డ్రాయింగు చెబుతూ, ఒంటరిగా గది తీసుకుని, పేరు తెచ్చుకుని, నడివయసుకు దగ్గరపడినా ఆమె లోపల ఒక ప్రశ్న మాత్రం ఐదేళ్ల పిల్లగానే ఉండిపోయింది. అమ్మ నన్నెందుకు వదిలేసి పోయింది? పోయేటప్పుడు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసిందా? ఆ ఒక్కటి ఎవరైనా చెబితే చాలు, తన బొమ్మలన్నీ ఊరికే ఇచ్చేసేది.

కర్నూలు ప్రదర్శన ముగిసే ముందు ఓబుళేశు వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. డెబ్బై దాటినా నడుం వంగలేదు. ఒకప్పుడు సర్పంచు, ఇప్పుడు పెట్రోలు బంకు, ట్రాక్టర్ల వ్యాపారం. పత్రికలో బొమ్మ చూసి వచ్చానన్నాడు. నాగలతకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇన్నేళ్లలో తనవాళ్లంటూ ఒక్కరు వచ్చి తన బొమ్మ ముందు నిలబడలేదు మరి. పెదనాయనకు కుర్చీ వేయించింది, టీ తెప్పించింది. ఆయన కూర్చోలేదు. చిన్న పటాలన్నీ గబగబా దాటుకుంటూ పోయి, అన్నిటికంటే పెద్దదాని ముందు ఆగిపోయాడు.

"ఇది పాతర గదా?" అన్నాడు.

అదేమిటో నాగలతకు తెలియదు. ఆయనే చెప్పాడు. వెనకటికి జొన్నలు దాచుకోవడానికి నేలలో తవ్వేవాళ్లట. మూతి మనిషి పట్టేంత ఇరుకు, లోపల మాత్రం బాన కడుపు. చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి మట్టితో మెత్తితే ఏళ్ల తరబడి పురుగు పట్టదు. మన దొడ్లో కూడా ఒకటి ఉండె, నువ్వు చూసింటావులే అన్నాడు. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆయన కళ్లు పటంలోని బంగారు రంగు నేల మీదే ఉన్నాయి. సేద్యం చేసిన మనిషి. పంట తప్పుగా కనబడితే నోరు ఊరుకోదు కదా.

"అంతా సరిగ్గా ఉండాది గానీ పాపా, ఇంత నిండుగా ఏసినావేమి? ఆ యేడు సగానికే ఉండె జొన్నలు."

నాగలత నవ్వింది. ఏ యేడు పెదనాయనా అని అడిగింది. ఆయన నవ్వలేదు. తువ్వాలుతో మూతి తుడుచుకుని, ఏదో ముసలితనం, వాగుతుంటా అన్నాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆ మాట చెప్పులో రాయిలాగా ఆమెను సలుపుతూనే ఉంది. తన కలలోని గదికి ఒక పేరుందని, అది తన ఇంటి దొడ్లోనే ఉందని తెలిసింది. బాగానే ఉంది. చిన్నప్పుడెప్పుడో చూసి ఉంటుంది, అది కలలోకి వస్తోంది. కానీ కలలోని జొన్నలకు ఏడాది ఏమిటి? తాను వేసిన బొమ్మలో ఎన్ని జొన్నలుండాలో పెదనాయనకు ఎలా తెలుసు?

కొన్నాళ్లకు ఆయనే ఫోను చేశాడు. పాత ఇల్లు పడగొట్టి కల్యాణమండపం కట్టిస్తున్నానని, దొడ్లో పాతరను కాంక్రీటు పోసి పూడ్చబోతున్నామని, పూడ్చక ముందే ఒకసారి వచ్చి చూసి పొమ్మని చెప్పాడు. ఏమంటుందో అని కాసేపు ఆగి, మీయమ్మ సంగతి కూడా మాట్లాడుకుందాం పాపా, నేను ఇంకెన్నాళ్లుంటా అన్నాడు. ఎర వేసేవాడికి చేప ఆకలి తెలుసు. నాగలత ఇంకేమీ అడగలేదు. మర్నాడే కర్నూలు బస్సెక్కింది.

బస్టాండుకు ఆయనే కారు తీసుకుని వచ్చాడు. డ్రైవరు లేడు. ఊరు దాటగానే, "ఎవురికన్నా చెప్పి వస్తాండావా?" అని అడిగాడు. చెప్పుకోవడానికి తనకెవరున్నారు పెదనాయనా అంది. ఎండలు ముదిరిన రోజులు. కంది కోసేసిన చేలల్లో మోళ్లు మాత్రం నిలబడి ఉన్నాయి. నల్లరేగడి నోళ్లు తెరిచి ఉంది. వేడిగాలికి ఉల్లిపొట్టు రోడ్డుకు అడ్డంగా దొర్లిపోతోంది. అమ్మ సంగతి ఎత్తుతాడేమోనని ఆమె ఎదురుచూస్తూ కూర్చుంది. ఆయన వానల గురించి, బోర్ల గురించి మాట్లాడాడు. పత్తికొండ దాటాక మళ్లీ అడిగాడు, బళ్లో కూడా చెప్పలేదా అని. సెలవులు కదా, లేదంది. ఆయన తల ఊపి కిటికీ అద్దం పైకెత్తాడు. మంచి చెడ్డ కనుక్కునే మనిషి ఒకసారి అడుగుతాడు, రెండోసారి అడిగితే అది వేరే లెక్క. ఛ, పెద్దాయన, ఏదో ఆపేక్షతో అడిగాడు అని తనకు తానే సర్ది చెప్పుకుంది.

ఇల్లు సగం పడగొట్టి ఉంది. మిద్దె బండలు ఒక పక్కన పేర్చి ఉన్నాయి. మిగిలిన అరుగు మీద ఒక ముసలామె చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. చూపు మందగించినట్టుంది, చేతివేళ్లతోనే వెతుక్కుంటోంది. భీమక్కను నాగలత వెంటనే గుర్తుపట్టింది. దగ్గరికి పోయి, అవ్వా, నేను నాగలతను అంది. భీమక్క చేతులు చీర కొంగుకు తుడుచుకుని ఆమె ముఖమంతా తడిమి చూసింది. నుదుటి మీది చిన్న మచ్చ దగ్గర వేలు ఆగింది. సంతోషపడుతుందనుకుంటే ఆ ముసలిముఖం తెల్లబోయింది.

"ఎందుకొచ్చినావు పాపా?" అంది, చాలా మెల్లగా.

వెనకే ఓబుళేశు వచ్చి, నీళ్లు తేపో అని గద్దించాడు. భీమక్క లేచి లోపలికి పోయింది. ఆ నీళ్లు వచ్చేదాకా కూడా ఆయన ఆగలేదు. అన్నం తర్వాత, ముందు చూసొద్దాం పా అంటూ దొడ్డివైపు దారి తీశాడు. దొడ్డి అవతలి కొసన వేపచెట్టు కింద కూలీలు సద్దిమూటలు విప్పుకుని కూర్చున్నారు. కాంక్రీటు కలిపే మిషను ఆగి ఉంది. వాళ్లను తినిరమ్మని పంపింది తానేనని ఆయన చెప్పాడు. నెమ్మదిగా చూసుకుంటావని అన్నాడు.

ఇన్నేళ్లూ ఆ పాతర మీద గడ్డివామి ఉండేదట. ఆ వామి తీసిన చోట నేల తెల్లగా పాలిపోయి ఉంది. మధ్యలో బండ పక్కకు జరిపి ఉంది. చుట్టూ రాలిన మట్టిపెళ్లలు ఇంకా ఎండకు రంగు మారలేదు. అంటే బండ అప్పుడే జరిపారు. లోపల ఒక కర్ర నిచ్చెన దించి ఉంది. నాగలత మోకాళ్ల మీద కూర్చుని తొంగి చూసింది. ముఖానికి వెచ్చటి, పులిసిన వాసన కొట్టింది. గుండ్రటి నలుపు. అదే నలుపు. ఎన్ని పటాలకు మసి పూసిందో అంత నలుపూ అక్కడే ఉన్నట్టుంది.

అప్పుడు ఆమెకు ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్ల బొమ్మల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఆ గదిని పక్క నుంచి వేయలేదు. అన్నీ పై నుంచి చూసినట్టే వేసింది. ఇదిగో, ఇలా బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనించి చూసినట్టే.

"దిగు పాపా. దిగి చూసుకో. నీ బొమ్మ నీకే కనపడతాది," అన్నాడు ఓబుళేశు. చొక్కా జేబులోంచి బ్యాటరీ లైటు తీసి, నొక్కి, ఆమె చేతికి అందించాడు.

తెల్లటి వెలుగు. మంట రంగు లేదు, పసుపు లేదు. చలనం లేని తెలుపు. ఆ తెలుపు కోసం నాగలత ఎన్ని అట్టముక్కలు పాడు చేసిందో. దీపం వెలుగు ఎర్రగా ఉండాలి కదమ్మా, నీ దీపం ఇంత తెల్లగా ఎందుకుంది అని ఎవరో అడిగితే, కలలో అలాగే ఉంటుందని మాత్రం చెప్పింది. చేతిలోని ఆ లైటును చూస్తుంటే ఆమె నోట్లోంచి ఆ మాట దానంతట అదే వచ్చింది, రంగు కలిపేటప్పుడు వచ్చినట్టే. దీపం దిగందే మనిషి దిగరాదు.

ఆ మాట పుట్టింది ఎక్కడో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇదిగో, ఈ మూతి దగ్గరే. మూసి ఉంచిన పాతరలో గాలి విషమైపోతుంది. అందుకే ముందు తాడు కట్టి దీపం దింపుతారు. దీపం ఆరితే మనిషి కూడా ఆరిపోతాడని లెక్క. దీపం లోపల వెలిగితేనే మనిషి దిగాలి. ఆరిందా, ఆ పూటకు పాతర జోలికి పోరు.

మరి బ్యాటరీ లైటు? అది ఏ గాలిలోనైనా వెలుగుతుంది. పక్కన మనిషి చచ్చి పడి ఉన్నా వెలుగుతూనే ఉంటుంది.

కల కాదు. ఏదీ కల కాదు. అమ్మ చీర కుచ్చెళ్లు ఎగ్గట్టి నడుంలో దోపుకోవడం కనబడింది. ఈడనే ఉండు తల్లీ, చేటెడు జొన్నలు తీసుకొని వస్తా అనడం వినబడింది. చేతిలో వెండిరంగు బ్యాటరీ లైటు. నిచ్చెన మెట్లు దిగుతూ ఒకసారి తల ఎత్తి నవ్వింది. కాసేపటికి లైటు కింద పడింది. పడినా ఆరలేదు. ఐదేళ్ల పిల్ల గడ్డం నేలకు ఆనించి అమ్మా, అమ్మా అని పిలుస్తూనే ఉంది. లైటు వెలుగుతోంది కదా, అమ్మ మేలుకునే ఉందనుకుంది. జొన్నల మీద పక్కకు తిరిగి పడుకుని ఎందుకు పలకడం లేదో దానికి తెలియలేదు. వెనక నుంచి ఎవరో ఎత్తుకుపోయారు. బండ ఈడ్చిన చప్పుడు వినబడింది. ఆశట, ఆరిపోని ఆశట! తన తల్లి చావును పటం కట్టి గోడకు వేలాడదీసి, లోకమంతా చప్పట్లు కొడుతుంటే తాను నవ్వుతూ నిలబడింది.

ఆమె లేచి నిలబడింది. ఏడిస్తే పని చెడుతుందని ఎక్కడో తెలుస్తూనే ఉంది. మూతికి ఆమె ఎంత దగ్గరగా ఉందో పెదనాయన ఆమెకు అంత దగ్గరగా ఉన్నాడు. ఆ చేతులు ఇంకా గట్టివే. తర్వాత ఏమి జరగబోయేదో కూడా ఆమెకు స్పష్టంగా కనబడింది. బొమ్మలు వేసే పిచ్చిపిల్ల, చూస్తానని మారాం చేసి దిగింది, ఆవిరి పట్టి పోయింది అంటాడు. నలుగురిలో తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడుస్తాడు. ఆ విషగాలిలోకి ఇంకెవరినీ దిగనివ్వడు. ఆ మీదట కాంక్రీటు, దాని మీద కల్యాణమండపం, బాజాలు.

"దీపం లేకుండా ఎట్లా పెదనాయనా?" అంది.

"ఈ కాలంలో ఇంకా దీపాలెందుకు పాపా? బ్యాట్రీ ఉండాది కదా, శానా వెలుగిస్తాది. దిగు."

అదే మాట ఆ రోజు కూడా అని ఉంటాడు. నాగలత ఒక అడుగు వెనక్కి వేసి, ఉన్న గొంతంతా పెట్టి వేపచెట్టు వైపు కేక వేసింది. ఓ అన్నా, కాస్త దీపం తెచ్చిపెట్టండి, పాతరలోకి దిగాలి అని. కూలీలు తింటున్నవాళ్లు తలలెత్తారు. మేస్త్రీ రంగన్న నందికొట్కూరు మనిషి, కాస్త పెద్దవాడు. ఎడమచేత్తో మూతి తుడుచుకుంటూ లేచి వచ్చాడు. అతని వెనక మిగతావాళ్లూ వచ్చారు. పాతర ఇప్పుడే తీస్తే అప్పుడే ఎట్లా దిగుతారప్పా, మూసిన పాతరకు పూటంతా గాలి తగలనీయాలి కదా అని రంగన్న ఓబుళేశునే అడిగాడు. పల్లెలో పుట్టిన ఎవడైనా అడిగే మాటే అది. ఓబుళేశు ఏదో అనబోయాడు. అంతలో అందరూ ఇంటివైపు చూశారు.

భీమక్క వస్తోంది. ఒక చేత్తో గోడ తడుముకుంటూ, ఇంకో చేతిలో బుడ్డి పట్టుకుని వస్తోంది. పట్టపగలు, మండే ఎండలో, వెలిగించిన దీపం. నాగలత కేక వేయకముందే వెలిగించుకుని బయలుదేరి ఉంటుంది, లేకపోతే ఆ కళ్లతో అంత త్వరగా రాలేదు.

"ఆ దీపాన్ని అవతలికి తీసకపో," అన్నాడు ఓబుళేశు.

భీమక్క ఆయన వైపు తిరగలేదు. దీపాన్ని నాగలత చేతుల్లో పెట్టింది.

"ఆ పొద్దు కూడా తెచ్చింటి పాపా. ఊది ఆర్పేసినాడు. మీయమ్మ చేతిలో బ్యాట్రీ పెట్టినాడు. నోరు తెరిస్తే బిడ్డను కూడా అండ్లోనే ఏస్తానన్నాడు."

రంగన్న దీపానికి తాడు కట్టి, మూతి దగ్గర కూర్చుని మెల్లగా వదిలాడు. ఎర్రటి మంట నిచ్చెన పక్కగా దిగింది. గోడకు అంటిన పాతగడ్డి కాసేపు కనబడింది. ఇంకాస్త దిగేసరికి మంట చిన్నదైంది, నీలంగా మారింది, ఆరిపోయింది. రంగన్న తాడు పైకి లాగేసి, లేచి దూరంగా జరిగాడు. అతని ముఖం చూసి మిగతావాళ్లూ వెనక్కి తగ్గారు. ఇందాకటిదాకా యజమాని వైపు చూసినట్టు ఎవరూ ఇప్పుడు ఓబుళేశు వైపు చూడడం లేదు.

"నువ్వు దిగు పెదనాయనా," అంది నాగలత. లైటు ఆయన చేతికి తిరిగి ఇచ్చింది. "బ్యాట్రీ ఉండాది కదా. శానా వెలుగిస్తాది. దిగు."

ఆయన లైటు పట్టుకుని నిలబడ్డాడు. నాకు మోకాళ్ల నొప్పి అన్నాడు. ముసలిది మతి పోయి ఏదేదో వాగుతోంది అన్నాడు. అది లేచిపోయిన సంగతి ఊరందరికీ తెలుసు అన్నాడు. రంగన్న వైపు తిరిగి, నువ్వు చెప్పప్పా అన్నాడు. రంగన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఊరందరితో ఔననిపించుకుని బతికిన మనిషికి ఔననేవాడు ఒక్కడూ దొరకలేదు. మిట్టమధ్యాహ్నం ఆ లైటు ఆయన చేతిలో వెలుగుతూనే ఉంది, ఆర్పాలని కూడా తోచలేదు.

నాగలత ఆయన వేళ్లు విడదీసి ఆ లైటు తీసుకుంది. రంగన్న పైకి లాగిన తాడుకు బుడ్డి విప్పి లైటు కట్టింది. భీమక్క పక్కన కూర్చుని తాడు కొస పట్టుకుంది. లైటు దిగింది. మంట ఆరిపోయిన చోటికి వచ్చింది, ఆరలేదు. ఇంకా కిందికి దిగింది. తెల్లటి వెలుగు గోడలన్నిటికీ పాకింది. చుట్టూ చేరిన మనుషులు ఒకరి భుజాల మీదుగా ఒకరు వంగి చూశారు. ఎవరో అమ్మా అన్నారు. ఎవరో తలపాగా తీసేశారు.

అంతా ఆమె వేసినట్టే ఉంది. గుండ్రటి గది. పక్కకు తిరిగి పడుకున్న ఎముకలు, వాటి మీద చీర పేలికలు, మణికట్టు దగ్గర పచ్చగాజులు. చేతికి అందేంత దూరంలో తుప్పు పట్టిన పాత బ్యాటరీ లైటు.

అమ్మ పోలేదు. ఇన్నేళ్లూ ఎక్కడికీ పోలేదు, తనను వదిలేసి ఒక్క అడుగు కూడా వేయలేదు. నాగలత నేల మీద బోర్లా పడుకుని, గడ్డం మట్టికి ఆనించి, ఐదేళ్ల పిల్ల పిలిచినట్టే పిలిచింది. ఏడుపు అప్పుడు వచ్చింది. ఆ కన్నీళ్లలోంచి కూడా బొమ్మలు వేసే కన్ను తన పని తాను చేస్తూనే ఉంది, తన పటానికీ దీనికీ తేడా ఎక్కడుందా అని వెతికింది. ఒక్కటే తేడా ఉంది. పెదనాయన చెప్పింది నిజమే, ఆ యేడు జొన్నలు సగానికే ఉన్నాయి.